ఉక్కపోత: సముద్రతీరంలో మనిషి మనుగడ

శ్రీకాకుళం జిల్లా నౌపడలోను, బాపట్ల జిల్లా చినగంజాంలోను ఉప్పు పండించేవారికి జనవరి మొదలు జూన్ దాకా పని కాలం. మళ్ళలో పెట్టిన ఉప్పునీరు ఇగిరి గడ్డ కట్టడానికి ఎండ ఒక్కటే చాలునని బయటివారు అనుకుంటారు. పని తెలిసినవారు ఆ మాట అనరు. ఎండ ఎంత కాసినా, గాలిలో తేమ నిండి ఆకు కదలకుండా ఉన్న రోజున మడిలో నీరు తగ్గదు. పొడిగాలి వీచిన రోజున ఎండ కొంచెం మందగించినా తెల్లని పొర తేలుతుంది. నీటిని ఆవిరి చేయడానికి వేడి ఎంత అవసరమో, ఆ ఆవిరిని ఎప్పటికప్పుడు తీసుకొనిపోవడానికి గాలి అంత అవసరం.

ఆ మడిలో ఉప్పు తీస్తున్న మనిషి ఒంటిమీద కూడా సరిగా ఇదే వ్యాపారం జరుగుతూ ఉంటుంది. అతని చర్మమే మడి, చెమటే ఉప్పునీరు. మడిలో నీరు ఇగరని రోజున అతని చెమట కూడా ఆరదు. ఉప్పు పండకపోతే నష్టం డబ్బుతో పోతుంది. చెమట ఆరకపోతే పోయేది ప్రాణం కావచ్చు. ఆంధ్రదేశపు సుమారు వెయ్యి కిలోమీటర్ల సముద్రతీరంలో ఇళ్ళు, తిండి, బట్ట, పనివేళలు అన్నీ ఈ ఒక్క సమస్య చుట్టూ ఎట్లా అమరినవో, ఆ అమరికలో ఈనాడు ఏవి సడలుతున్నవో తెలుసుకోవడం అవసరం.

శరీరమనే కొలిమి

మనిషి తిన్న ఆహారంలోని శక్తిలో ఎక్కువ భాగం చివరికి వేడిగానే మారుతుంది. ఊరక కూర్చున్న మనిషి ఒక నూరు వాట్ల విద్యుద్దీపమంత వేడిని పుట్టిస్తాడు. పార పట్టి మట్టి తవ్వేవాడు, మూటలు మోసేవాడు అంతకు నాలుగైదు రెట్లు పుట్టిస్తారు. ఈ వేడి అంతా ఎప్పటికప్పుడు బయటికి పోతేనే లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెంటిగ్రేడు డిగ్రీలే.) అది 40 దాటితే మెదడు పని చెడుతుంది.

చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపు వేడి దానంతట అదే శరీరంనుంచి గాలిలోకి పోతుంది. గాలి 35 దాటిన తరువాత వ్యవహారం తలకిందులు అవుతుంది. గాలే శరీరాన్ని కాచడం మొదలుపెడుతుంది. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే, చెమట. మనిషి చర్మంలో ఇరవై నుంచి నలభై లక్షల స్వేదగ్రంథులు ఉన్నవి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరి అయితే సుమారు 580 కిలోకాలరీల వేడిని తనతో పట్టుకొనిపోతుంది. ఎండలో కష్టపడేవాడికి గంటకు లీటరు చెమట పట్టడం వింత కాదు.

ఇక్కడ గమనించవలసినది ‘ఆవిరి అయితే’ అన్న మాట. కారిపోయిన చెమట వల్ల చలవ లేదు, నష్టం మాత్రం ఉన్నది. నీరూ ఉప్పూ రెండూ వృథా. అనంతపురంలో మే నెలలో కూజా నీళ్ళు చల్లగా గొంతు దిగుతాయి. అదే కూజాను మచిలీపట్నం తీసుకొని వస్తే అంతగా చల్లబడదు. వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుకొనే పద్ధతి రాయలసీమలో, తెలంగాణలో బాగా పనిచేసి, కోస్తాలో గదిని మరింత ఉక్కపోయించడానికి కారణం కూడా ఇదే. కూజాకు పట్టిన గతే మనిషికీ పడుతుంది.

మాంసం ఉడికింది, మనిషి ఉడకలేదు

ఇంగ్లండులో చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు 1775లో ఒక చిత్రమైన ప్రయోగాన్ని ప్రకటించాడు. అతడు, అతని మిత్రులు 127 డిగ్రీల దాకా వేడి చేసిన పొడిగదిలో కొద్ది నిమిషాలపాటు కూర్చున్నారు. వారి పక్కన పెట్టిన గుడ్లు గట్టిపడినవి, మాంసం ఉడికింది. వారు మాత్రం క్షేమంగా బయటికి వచ్చారు. గది పొడిగా ఉన్నది గనుక చెమట పట్టిన క్షణానే ఆరి, ఒంటిని కాపాడింది.

ఈ విషయాన్ని అంకెలలోకి దించినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతపు గనులలో పనిచేసేవారు వేడికి ఎట్లా తట్టుకొంటున్నారో అతడు పరిశోధించి, 1905లో ఒక నిర్ణయం చెప్పాడు. మనిషికి ముఖ్యం మామూలు ఉష్ణమాపకం చూపే అంకె కాదు, తడిబల్బు ఉష్ణమాపకం చూపే అంకె. ఉష్ణమాపకపు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలిలో ఉంచితే, నీరు ఆవిరి అవుతూ బల్బును చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంకె అంత దిగుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే దిగనే దిగదు. అంటే ఆ తడిగుడ్డ చెమట పట్టిన చర్మానికి మారుపేరు. కదలని గాలిలో తడిబల్బు 31 డిగ్రీలు దాటితే, బట్టలు తీసి ఊరక కూర్చున్నవాడికి కూడా జ్వరం వచ్చినట్లు ఒళ్ళు కాగుతుందని హాల్డేన్ గమనించాడు. గాలి వీస్తే ఈ హద్దు కొంచెం పైకి జరుగుతుంది. పని చేస్తే బాగా కిందికి దిగుతుంది. ఇతని కుమారుడే 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరంలో కన్నుమూసిన జీవశాస్త్రవేత్త జె. బి. ఎస్. హాల్డేన్. తమ శరీరాల మీదనే ప్రయోగాలు చేసుకోవడం ఆ తండ్రీకొడుకులకు అలవాటు.

నూరేళ్ళ తరువాత, 2010లో షెర్‌వుడ్, హ్యూబర్ అనే శాస్త్రజ్ఞులు తడిబల్బు 35 డిగ్రీలను మనిషి తట్టుకోగల అంతిమ హద్దుగా లెక్కగట్టారు. అది కాగితం మీది లెక్క. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంవారు ఆరోగ్యవంతులైన యువకులను గదిలో ఉంచి పరీక్షిస్తే, తేమగాలిలో ఆ హద్దు 31 డిగ్రీల దరిదాపులలోనే తేలింది. గనులలో తిరిగి హాల్డేన్ చెప్పిన అంకెకు, ఆధునిక పరికరాలు చెప్పిన అంకెకు ఇంత దగ్గర పోలిక ఉండడం ఆశ్చర్యమే.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. పల్నాడులోని రెంటచింతల ఎండలకు పేరుపడ్డ ఊరు. అక్కడ 45 డిగ్రీల ఎండలో గాలి తేమ 15 శాతం ఉన్నదనుకొంటే, తడిబల్బు చూపేది 24 డిగ్రీలే. విశాఖపట్టణంలో 34 డిగ్రీలే ఉండి, తేమ 75 శాతం ఉంటే తడిబల్బు 30 చూపుతుంది. పత్రికలలో పడే అంకెను బట్టి రెంటచింతలవారి మీద జాలి పడతాం. చెమట మాటకు వస్తే విశాఖవారి కష్టమే ఎక్కువ. రెంటచింతల ఎండ నెత్తిని మాడుస్తుంది, నిజమే. కాని నీడా నీళ్ళూ ఉంటే ఒళ్ళు తనను తాను కాపాడుకోగలదు. ఉక్కపోతకు నీడ ఒక్కటే మందు కాదు; దానికి గాలి కావాలి.

సముద్రపు గాలి, పడమటి గాలి

ఆ గాలిని సముద్రమే పంపిస్తుంది. పగలు నేల త్వరగా కాగుతుంది, నీరు నిదానంగా కాగుతుంది. నేలమీది గాలి వేడెక్కి పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది గాలి వచ్చి చేరుతుంది. రాత్రి నేల ముందుగా చల్లబడుతుంది గనుక గాలి ఎదురు తిరుగుతుంది. మొదటిది సముద్రపవనం, రెండవది భూపవనం. వేసవిలో మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందో వెనుకో సముద్రపవనం తగిలితే తీరగ్రామాలు ఊపిరి పీల్చుకొంటాయి. దానిలో తేమ ఉన్నా కదలిక ఉన్నది. కదిలే గాలి చర్మానికి అంటుకొని ఉన్న తడిపొరను ఊడ్చుకొని పోతుంది.

కొన్ని రోజులలో ఈ గాలి రాదు. మే నెలాఖరులో, రోహిణీకార్తె రోజులలో, దేశమధ్యభాగంలో కాగిన పడమటి గాలి బలంగా వీచి సముద్రపవనాన్ని తీరంలోనే ఆపివేస్తుంది. అప్పుడు కోస్తాజిల్లాలలో కూడా 45 డిగ్రీలు దాటుతుంది. 2015 మే నెలలో జరిగింది ఇదే. ఆ వడగాలులకు దేశంలో రెండువేలమందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారు. పడమటి గాలి తగ్గి సముద్రపు గాలి తిరిగి వచ్చే సంధికాలం మరొక చిక్కు. ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు దిగిందని జనం తేలికపడతారు. తేమ మాత్రం ఒక్కసారిగా పెరిగి ఉంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు నమ్మకాన్ని సరిదిద్దవలసి ఉన్నది. చెమట పడుతున్నంతసేపు వడదెబ్బ తగలదని పలువురు అనుకొంటారు. ఎండలో ఇంటిపట్టున ఉండే ముసలివారికి వడదెబ్బ తగిలితే ఒళ్ళు పొడిగా కాలిపోయే మాట నిజమే. కాని తేమగాలిలో పనిచేస్తూ పడిపోయినవాడి ఒళ్ళు చెమటతో తడిసి ముద్దయి ఉండవచ్చు. చెమట పట్టింది, ఆరలేదు, అంతే తేడా. మాట తడబడినా, తెలివి తప్పినా వెంటనే నీడకు చేర్చి, ఒంటినిండా నీళ్ళు పోసి, గట్టిగా విసురుతూ వైద్యసహాయానికి కబురు చేయవలెను. తెలివిలేనివాడి నోటిలో నీళ్ళు పోయరాదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకొంటే వడదెబ్బ తగలదనే మాటకు శాస్త్రాధారం లేదు. తలపాగాకు మాత్రం ఉన్నది. అది ఎండను నెత్తికి దిగనీయదు, తడిపి చుట్టుకొంటే చలవ కూడా ఇస్తుంది.

ఒళ్ళు నేర్చుకొనే విద్య

చలిదేశంనుంచి వచ్చినవాడు మొదటిరోజున పడిన బాధ రెండువారాల తరువాత పడడు. వేడిలో రోజూ కొంతసేపు పనిచేస్తే వారంనుంచి రెండువారాలలోగా శరీరంలో మార్పులు వస్తాయి. రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. గుండె అదే పనికి తక్కువసార్లు కొట్టుకొంటుంది. చెమట ముందుగానే మొదలై ఎక్కువగా పడుతుంది. అన్నింటికన్నా చిత్రమైనది, చెమటలో ఉప్పు తగ్గడం. మూత్రపిండాల పైన టోపీవలె ఉండే గ్రంథులు స్రవించే ఒక రసం, బయటికి పోతున్న ఉప్పును స్వేదనాళంలోనే వెనక్కు పీల్చుకొనేటట్లు చేస్తుంది. కొత్తవాడి చెమట తువ్వాలు మీద ఆరితే తెల్లచారలు కడుతుంది. అలవాటుపడినవాడి చెమట అంతగా కట్టదు.

ఈ విద్య శాశ్వతం కాదు. కొన్ని వారాలు చల్లనిచోట ఉంటే శరీరం మరచిపోతుంది. మంచాన పడి లేచినవాడు, పై ఊళ్ళో చల్లగా గడిపి వచ్చినవాడు తిరిగి వచ్చిన మొదటిరోజునే పాత బరువు ఎత్తబోతే ప్రమాదం. పనిలోకి కొత్తగా చేర్చుకొన్న కూలీకి మొదటివారం సగంపనే చెప్పాలని తెలిసిన మేస్త్రీలు ఉన్నారు, తెలియనివారే ఎక్కువ.

జపాను శరీరశాస్త్రజ్ఞుడు యాస్ కూనో మరొక సంగతి కనుగొన్నాడు. పుట్టినప్పుడు అందరికీ స్వేదగ్రంథులు ఉంటాయి గాని వాటిలో ఎన్ని పనిచేస్తాయన్నది మొదటి రెండు, రెండున్నర సంవత్సరాలలో నిర్ణయమవుతుంది. ఉష్ణదేశంలో పెరిగిన పసివాడికి ఎక్కువ గ్రంథులు మేలుకొంటాయి. జాతి కన్నా పెరిగిన చోటే ఇందులో ప్రధానం.

ఇంత నేర్చినా హద్దు హద్దే. పుట్టి పెరిగిన జాలరికైనా ఆరని చెమట చలవ ఇవ్వదు.

గాలివాటున బతుకు

శరీరం చేయలేనిదాన్ని పనివేళలు చేసినవి. శ్రీకాకుళం, విశాఖ తీరాలలో జాలరులు దుంగలు కట్టిన తెప్పలమీద తెల్లవారుజామున, చీకటి ఉండగానే బయలుదేరేవారు. ఆ వేళ నేలమీదినుంచి వీచే భూపవనం తెరచాపను పట్టి తెప్పను సముద్రంలోకి తోస్తుంది. వేట ముగిసి పొద్దెక్కేసరికి గాలి తిరుగుతుంది. సముద్రపవనమే తెప్పను ఒడ్డుకు చేరుస్తుంది. ఎండ ముదిరేవేళకు మనిషి నీడలో, వలలు ఇసుకలో. తెడ్డుశ్రమ తప్పడానికి ఏర్పడిన ఆ వేళలే ఒంటిని కూడా కాపాడినవి. ఒడిశాలోని పూరీ తీరాన నోలియాలని పేరుపడ్డ తెలుగు జాలరులు కూడా ఈ విద్యనే తమతో తీసుకొనిపోయారు. ఇప్పుడు ఫైబరు పడవకు మోటారు ఉన్నది. గాలికోసం ఆగవలసిన పని లేదు. దూరం పోవచ్చు, చేపలు ఎక్కువ తేవచ్చు. దానితోపాటు మధ్యాహ్నపు ఎండలో సముద్రంమీద ఉండడం కూడా వచ్చింది.

ఉప్పుమళ్ళలో పని తెల్లవారుజామునే మొదలై, ఎండ నిలువుకు రాకముందే ఆగుతుంది. వ్యవసాయపు కూలీలు ఒంటిపూట పని అడగడంలోనూ ఇదే తెలివి ఉన్నది. చిక్కంతా వేళను తాము నిర్ణయించుకోలేనివారిది. కాంక్రీటు పోసేవారు, రోడ్డుమీద తారు పరిచేవారు, సామాను ఇంటింటికీ చేర్చేవారు మిట్టమధ్యాహ్నమే పనిలో ఉంటారు. వీరికన్నా కనబడనివారు వంటింటి స్త్రీలు. గాలి ఆడని గదిలో, మండే పొయ్యి పక్కన నిలబడ్డవారికి బయటి ఉష్ణోగ్రతతో నిమిత్తం లేదు. పూర్వపు పల్లెలో వేసవి వచ్చేసరికి పొయ్యి పెరటిలోకి మారేది. ఇరుకు ఇళ్ళలో ఆ వీలు పోయింది.

నీరు, ఉప్పు, గంజి

రోజుకు ఐదారు లీటర్ల చెమట పోసేవాడు అంత నీరూ తిరిగి తాగవలెను. దాహం తీరినంతమాత్రాన లోటు తీరదు; దాహం ఎప్పుడూ లోటుకు వెనుకబడే ఉంటుంది. వట్టినీళ్ళు మాత్రమే తాగుతూ పోతే ఉప్పు పలచబడి కండరాలు పట్టివేస్తాయి.

కోస్తా పల్లెవారి పొద్దుటి తిండి ఈ దృష్టితో చూస్తే ఎంతో అర్థవంతం. రాత్రి అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచిన చద్దన్నం, ఉత్తరాంధ్రలో చోడి అంబలి, తరవాణి, ఉప్పు వేసిన గంజి. వీటన్నింటిలో నీరు, ఉప్పు, పిండిపదార్థం కలిసి ఉంటాయి. ఈ మూడూ కలిసి ఎందుకు ఉండాలో 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడి ప్రతిపాదనతో తెలిసింది. పేగుగోడలో ఉప్పులోని సోడియాన్ని, గ్లూకోజును జంటగా లోపలికి చేరవేసే ఏర్పాటు ఉన్నది. ఆ రెండూ వెళ్ళేచోటికి నీరు వాటంతట అదే వెంట వెళుతుంది. కలరా రోగులను బతికించిన ఉప్పు-చక్కెర ద్రావణం ఈ సూత్రంమీదే నిలిచింది. గంజిలోని పిండి పేగులో జీర్ణమై గ్లూకోజు అవుతుంది గనుక ఉప్పు కలిపిన గంజి అదే పని చేస్తుంది. రక్తపుపోటు ఉన్నవారు మాత్రం ఉప్పు విషయం వైద్యుణ్ణి అడిగి చేయడం మంచిది.

తీరంలో అసలు తాగే నీరు దొరకడమే ఒక విశేషం. ఇసుకదిబ్బలో చెలమ తవ్వితే నాలుగు అడుగులలో తియ్యని నీరు ఊరుతుంది. వందగజాల దూరంలో సముద్రం ఘోషిస్తూ ఉంటుంది. వాననీరు ఇసుకలోకి దిగి, తనకన్నా బరువైన ఉప్పునీటిమీద తేలుతూ ఉండడమే దీనికి కారణం. సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు నలభై మీటర్ల లోతువరకు మంచినీరు ఉంటుందని లెక్క. ఇదే లెక్క తిరగేసి చదవాలి. బోరు వేసి పై మట్టాన్ని ఒక మీటరు దింపితే, అడుగున ఉప్పునీరు నలభై మీటర్లు పైకి రావచ్చు. చేతితో ముంచుకొనే చెలమలు తరతరాలు నిలిచి, మోటారు బోర్లు కొద్ది సంవత్సరాలలోనే ఉప్పబారడం ఇందువల్లనే. దిబ్బ ఇసుక లారీలకెక్కితే నీటితొట్టి కూడా దానితోనే పోయినట్లు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరితోటలతో, జీడిమామిడితోటలతో కన్నులపండువగా ఉండే ప్రాంతం. అక్కడ కవిటి, సోంపేట మొదలైన మండలాలలో మధుమేహం, రక్తపుపోటు లేనివారికి కూడా మూత్రపిండాలు చెడిపోతున్నవి. నీటిలోని పదార్థాలు, పురుగుమందులు, వంశలక్షణాలు, ఇట్లా పలు కారణాలను పరిశోధకులు పరిశీలించారు. కారణం ఇదని ఇంతవరకు తేలలేదు. వేడిలో పనిచేస్తూ రోజురోజుకూ ఒళ్ళు ఎండిపోవడం కూడా ఆ పరిశీలనలో ఉన్నది. ఎందువల్లనంటే మధ్య అమెరికాలో పసిఫిక్ తీరపు చెరకుతోటలలో, ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాలలో, ఇట్టి వ్యాధే కూలీలను పట్టుకొన్నది. అక్కడ నీరు, నీడ, విశ్రాంతి వేళ తప్పకుండా ఇవ్వగా మూత్రపిండాల చెరుపు తగ్గినట్లు కనబడింది. ఉద్దానానికి హిరమండలం జలాశయంనుంచి కొళాయినీరు తెచ్చారు. 2023లో పలాసలో ఈ వ్యాధికి ప్రత్యేకంగా ఆసుపత్రి, పరిశోధనకేంద్రం ప్రారంభమైనవి.

చుట్టిల్లు, మండువా, శ్లాబు

ఇల్లు గురించి కాస్త వివరంగా చెప్పవలెను. తీరవాసులు ఇప్పుడు ఎదుర్కొంటున్న చిక్కు అక్కడే ఉన్నది.

గోదావరి మండలాలలోని మండువాలోగిలి నడుమ ఆకాశానికి తెరిచి ఉంటుంది. పెంకుకప్పు నాలుగువైపులనుంచీ లోపలికి వాలుతుంది. ఇంట్లోని వేడిగాలి మండువాగుండా పైకి పోతే, వీధి అరుగువైపునుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. పెంకుల సందులలోనుంచి కూడా వేడి జారిపోతుంది. ఇది కలిగినవారి ఇల్లు.

పేదవాడి ఇల్లు చుట్టిల్లు. ఉత్తరకోస్తాలోను, కృష్ణాతీరంలో దివిసీమలోను ఇవి గుంపులుగా ఉండేవి. ఇప్పటికీ కొన్ని ఉన్నవి. గుండ్రని మందపాటి మట్టిగోడ. దానిపైన గొడుగువలె నేలకు దగ్గరగా దిగిన తాటాకుకప్పు. వంగి గాని లోపలికి పోలేము. ఆ వంగడంలోనే కిటుకు ఉన్నది: కప్పు అంత కిందికి దిగింది గనుక ఎండ గోడను తాకదు. తాటాకుల పొరల నడుమ చిక్కిన గాలి వేడిని దిగనీయదు. అదే మందంలో కాంక్రీటుగుండా వేడి పది, ఇరవై రెట్లు ఎక్కువగా దిగుతుంది. తుఫాను గాలికి కూడా ఈ ఆకారం అనుకూలం. చదునైన గోడకు ఎదురుగా తగిలే గాలి గుండ్రనిగోడను ఒరుసుకొని పోతుంది. కప్పును పీకివేసే చూషణం మూలలదగ్గర ఎక్కువ. గుండ్రని ఇంటికి మూలలే లేవు.

రాత్రి పడక ఆరుబయట, నులకమంచంమీద. పరుపుమీద పడుకొన్నవాడికి ఒంటిలో సగభాగం గాలికి మూసుకొనిపోతుంది. నులకమంచానికి కింద కూడా గాలి ఆడుతుంది. మే నెలలో కోస్తారాత్రులు 28, 30 డిగ్రీలకు దిగడమే గగనం. పగలంతా తిన్న వేడిని ఒళ్ళు తీర్చుకోవడానికి ఉన్నది ఆ రాత్రి ఒక్కటే. అందుచేత మంచం ఎట్టిదన్నది చిన్న విషయం కాదు.

చుట్టింటికి ఒక లోపం ఉన్నది. గాలిని తట్టుకొన్న మట్టిగోడ నీటిని తట్టుకోలేదు. 1977 నవంబరు 19న దివిసీమమీద విరుచుకుపడిన ఉప్పెన సుమారు ఐదు మీటర్ల ఎత్తున వచ్చింది. ప్రభుత్వపు లెక్కలలోనే మృతులు పదివేలదాకా ఉన్నారు. ఊళ్ళకు ఊళ్ళు గోడల గుర్తు కూడా మిగలకుండా కరిగిపోయినవి. వేసవిలో నిప్పురవ్వకు వాడలకు వాడలు తగలబడడం వేరే కథ. ఆ దుఃఖాన్ని చూసిన తరువాత తీరంలో పక్కా ఇళ్ళు కట్టించాలని ప్రభుత్వమూ, ధర్మసంస్థలూ పూనుకోవడం న్యాయమే. స్తంభాలమీద ఎత్తుగా తుఫాను రక్షణభవనాలు లేచినవి. మామూలురోజులలో వాటిలో బడులు నడుస్తాయి. ముందుగా హెచ్చరించి లక్షలమందిని తరలించే ఏర్పాటు బలపడింది. 1990 మే నెలలో అంతటి బలమైన తుఫానే కృష్ణాతీరాన్ని తాకితే, మృతులసంఖ్య వేయి దగ్గర ఆగింది.

కాని నీటినుంచి కాపాడిన శ్లాబు వేడినుంచి కాపాడలేకపోయింది. ఎండకు కాగిన కాంక్రీటు పగలంతా వేడిని దాచుకొని, సాయంత్రం మొదలు అర్ధరాత్రి దాటేదాకా గదిలోకి వదులుతుంది. కప్పు తక్కువ ఎత్తు. కిటికీ ఒకటే, అదీ ఒకే వైపున. గాలి లోపలికి రావాలంటే ఎదురుగా పోయే దారి ఉండాలన్నది చిన్నపిల్లవాడికైనా తెలిసిన విషయం. పథకం గీసినవారికి తోచలేదు. రేకుల ఇల్లు రాత్రికి త్వరగా చల్లబడుతుంది గాని పగలు పెనమే. తాటాకుపాకలో విసనకర్రతో గడిపినవారికి శ్లాబులో విద్యుత్ పంకా లేక క్షణం గడవదు. తేమగాలిలో పంకా చేసే మేలు నిజమైనదే. చర్మంకన్నా గాలి రెండుమూడు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నా అది చెమటను ఆర్చగలదు. గాలి 40 డిగ్రీలు దాటిన పొడిరోజులలో మాత్రం ఒళ్ళు తడుపుకోకుండా పంకాను నమ్ముకోరాదు. పైగా తుఫాను వెళ్ళిన మరునాడు కరెంటు ఉండదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తరువాత విశాఖవారు చీకటిలో, ఉక్కలో రోజులు గడిపారు.

ఖర్చులేని ఉపాయాలు లేకపోలేదు. శ్లాబుమీద తెల్లసున్నం దట్టంగా పూస్తే ఎండలో అధికభాగం తిరిగి ఆకాశంలోకే పోతుంది. కప్పు ఎంతో చల్లబడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పులకోసం ఒక విధానాన్నే ప్రకటించింది. తీరంలో ఉప్పుగాలికి, వానలకు సున్నం త్వరగా రాలుతుంది గనుక ఏటా వేసవికి ముందు పూయక తప్పదు. గోడకు రెండువైపులా ఎదురెదురుగా కిటికీలు, కప్పుకింద గాలిసందులు పెట్టడానికి ఇల్లు కట్టేటప్పుడు పట్టే అదనపు ఖర్చు స్వల్పం. కట్టిన తరువాత గోడ పగలగొట్టడమే కష్టం.

ఇంజనీర్ల కన్నా ముందే తీరవాసులు తమ ఉపాయం తాము చేసుకొన్నారు. పక్కా ఇల్లు వచ్చిన చాలా వాడలలో శ్లాబు ముందు తాటాకుతోనో కొబ్బరాకుతోనో పందిరి వేసుకొన్నారు. మంచం, పొయ్యి, వల అల్లే పని, పిల్లల చదువు, చుట్టాల మర్యాద అంతా ఆ పందిరికిందనే. శ్లాబుగదిలో బియ్యం, పెట్టెలు, కాగితాలు ఉంటాయి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున పందిరి విప్పి, మంచం లోపల వేసి తలుపు మూసుకొంటారు. ఉప్పెన వస్తుందని చెబితే ఆ తలుపుకు తాళం వేసి రక్షణభవనానికి నడుస్తారు. గాలివాన వెలిసిన తరువాత కొత్త ఆకు తెచ్చి మళ్ళీ పందిరి వేస్తారు.